కావడిలోని తీపి

వియత్నాం రాజధాని హానోయి వీధులలో శంఖువు ఆకారపు ఆకుటోపీలు ధరించిన స్త్రీలు భుజాన కావడి మోస్తూ తిరుగుతుంటారు. ఒక బుట్టలో తినుబండారాలు, రెండవదానిలో గిన్నెలు, చిన్న చిన్న పీటలు. కావడి దించిన చోటే అంగడి. ఈ సంచార విక్రేతలు నగరానికి అడ్డంకి అని పాలకులు పలుమార్లు భావించారు. వీరు లేని నగరం తన రుచిని తానే కోల్పోతుందని నా అభిప్రాయం.

ఆ వీధులలో లభించే తీపి సామాన్యమైనది కాదు. పెసరపప్పు, అలసందలు, సగ్గుబియ్యం, కొబ్బరిపాలు మొదలైన వాటితో వండే పాయసాలను అక్కడ ‘చే’ అంటారు. వీటిలోని రకాలకు లెక్కలేదు. ఎండలు కాసేటప్పుడు మంచుముక్కలు వేసి, చలివేళ వేడివేడిగా అందిస్తారు. ‘బాన్ త్రోయ్’ అనే వంటకాన్ని చూస్తే మన ఉండ్రాళ్ళు స్ఫురించక మానవు. జిగురుబియ్యపు పిండిలో బెల్లపు ముక్క పొదిగి, ఉండ చేసి, మరిగే నీటిలో వేస్తారు. ఉడికిన ఉండ పైకి తేలుతుంది. ఉత్తర వియత్నాంలో చాంద్రమానపు మూడవ నెల మూడవనాడు దీనిని పితృదేవతలకు నివేదిస్తారు. రెండు శతాబ్దాల క్రితపు కవయిత్రి హో స్వాన్ హుయాంగ్ ఈ ఉండపై కవిత చెప్పి, పరుల చేతిలో రూపుదిద్దుకొనే స్త్రీ జీవితాన్ని అందులో దర్శింపజేసింది. వీధిలో అమ్మే వంటకానికి ఇంతటి గౌరవం దక్కడం అరుదు!

పానీయాలలో చెరకురసం ముఖ్యమైనది. గడలతోపాటు పుల్లని చిరునారింజలను కూడ యంత్రంలో పిండుతారు. పచ్చిమామిడి, జామ ముక్కలను ఉప్పుకారం అద్దుకొని తింటారు. ఈ రుచిని తెలుగువారికి వర్ణించి చెప్పనక్కరలేదు.

2008లో హానోయి నగరపాలకులు అనేక వీధులలో సంచార విక్రయాన్ని నిషేధించారు. 2017లో హో చి మిన్ నగరంలో కాలిబాటల ఆక్రమణలను తొలగించే కార్యక్రమం తీవ్రంగా సాగింది. కాలిబాట నడిచేవారి కోసమే అన్న వాదాన్ని కాదనలేము. కాని అక్కడి కాలిబాటలను నింపివేసేవి ప్రధానంగా నిలిపి ఉంచిన మోటారు సైకిళ్ళు. కావడికి కావలసినది రెండు బుట్టల చోటు మాత్రమే. పరిశుభ్రత లేదన్న ఆక్షేపణ కూడ ఉంది. గిన్నెలు కడుగుకొనేందుకు నీరు దొరకని చోట విక్రేతను నిందించడం న్యాయం కాదు. పల్లెలనుండి వచ్చి, ఈ సంపాదనతో పిల్లలను చదివించుకొనే తల్లులు వీరిలో ఎందరో ఉన్నారు. నిషేధం వారిని వృత్తినుండి తప్పించలేదు; ఒక వీధినుండి మరొక వీధికి పరుగెత్తించింది.

2024లో హో చి మిన్ నగరంలో రుసుము చెల్లించి కాలిబాటలో కొంత భాగాన్ని వాడుకొనే పద్ధతి మొదలైంది. నిషేధం కంటె ఇది మేలైన ఆలోచన. అయితే దుకాణం ముందు స్థలమున్నవారికే దీనివల్ల ప్రయోజనం ఎక్కువ. స్థిరమైన చోటంటూ లేని కావడి స్త్రీకి కావలసినవి వేరు: ఒకచోట గంటసేపు నిలిచే అనుమతి, దగ్గరలో ఒక నీటి కుళాయి.