దాతకు కృతజ్ఞత చాలు, పదవికి లెక్క కావాలి

ఎన్నికల మాట వినబడగానే మన మస్జిద్ వీధుల్లో కొత్త ఫ్లెక్సీలు వెలుస్తాయి. 2021లో ఎన్నికైన పంచాయతీ, మండల, పురపాలక పాలకవర్గాల ఐదేళ్ల గడువు తీరే వేళ అనంతసాగరం, ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతాలలో ఈ దృశ్యం ఎవరికీ వింత కాదు. ఫ్లెక్సీలోని పెద్దమనిషి వ్యాపారి కావచ్చు, కాంట్రాక్టరు కావచ్చు; జాబితా మాత్రం ఒక్కటే. రంజాన్‌లో రేషన్ సంచులు, ఇఫ్తార్ విందులు, పేద ఆడపిల్లల నికాహ్‌కు సాయం, కరోనా నాళ్లలో ఆక్సిజన్ సిలిండర్లు, మదరసాకు ఫ్యాన్లు. అడుగున 'మీ సేవలో' అన్న రెండు మాటలు.

ఆ సాయం వట్టిదని నేను అనను. కరోనా రెండవ విడతలో సొంత బంధువులే శవాన్ని తాకడానికి జంకిన రోజుల్లో జనాజా మోసినవారు, వాహనం పంపినవారు, కఫన్ గుడ్డకు డబ్బిచ్చినవారు ఉన్నారు. వారి రుణం ఈ సముదాయం మరచిపోరాదు. అయితే కృతజ్ఞత ఒకటి, పదవి మరొకటి. మొదటిది మనిషికి చెందినది. రెండవది ఊరందరి సొత్తు. ఒకదానికి బదులుగా మరొకటి ఇమ్మనడం బేరం. దానం చేసి దానిని ఎత్తిచూపితే ఆ దానమే వ్యర్థమవుతుందని ఖురాన్ హెచ్చరించిన సంగతి ఫ్లెక్సీ కట్టించేవారికి తెలియనిది కాదు. పైగా జకాత్ పేదవానికి హక్కు. హక్కుగా అందవలసినదానిని ఓటుకు ముందస్తు చెల్లింపుగా మార్చడం ఏ ఫిఖహ్‌లో ఉన్నదో వారే చెప్పాలి.

ఒక గ్రామం సంగతి చెబుతాను, పేరు అనవసరం. అక్కడి ఖబరస్తాన్‌కు ప్రహరీ లేదు. పశువులు తిరిగేవి, వానకు సమాధుల మట్టి కొట్టుకుపోయేది. పదవి ఆశించిన ఒక వ్యాపారి ముందుకు వచ్చి ఇటుక, సిమెంటు ఇచ్చారు. జమాఅత్ పెద్దలు దుఆ చేశారు, శాలువా కప్పారు. గోడ మూడు వైపులా లేచింది. నాలుగవ వైపు ఆగిపోయింది. ఆ వైపే ఖబరస్తాన్ భూమిలో కొంత భాగం పక్క పొలంలో కలిసిపోయి ఉన్నది. అక్కడ గోడ కట్టాలంటే సర్వే చేయించాలి, హద్దురాళ్లు వేయించాలి, ఆ పొలం వారితో తగవు పడాలి. ఆ వ్యాపారికి ఆ ఇంటి ఓట్లూ కావాలి. సిమెంటు ఆయన ఇవ్వగలిగారు. హద్దు ఆయన అడగలేకపోయారు. ఆ మూడు గోడల పక్కన నిలబడినప్పుడల్లా, మన వాళ్లు సేవ అని పిలిచేది ఎక్కడిదాకా వచ్చి ఆగుతుందో కళ్లకు కడుతుంది.

నిజానికి ఆ గోడ ఎవరి దానమూ కానక్కరలేదు. 74వ రాజ్యాంగ సవరణ తెచ్చిన పన్నెండవ షెడ్యూలులోని 18 అంశాలలో ఖననస్థలాలు ఒకటి, నీటి సరఫరా ఒకటి, ప్రజారోగ్యం ఒకటి. గ్రామ పంచాయతీ విధులలోనూ శ్మశానాల నిర్వహణ ఉన్నది. అంటే ఆత్మకూరు పురపాలక సంఘమైనా, అనంతసాగరం పంచాయతీ అయినా చేయవలసిన పనినే ఒక వ్యక్తి తన జేబులోంచి చేసి, ఆ పనిని చేయని సంస్థలోకే మనలను అడిగి వెళ్లాలనుకుంటున్నారు. వెళ్లాక సంస్థ చేత చేయిస్తారా, లేక మళ్లీ జేబులోంచే ఇస్తారా? 78 టి.ఎం.సి.ల సోమశిల జలాశయం ఉన్న మండలం మనది. ఇట్టి చోట ఒక వీధికి దాత ఫోటో అంటించిన ట్యాంకరు నీళ్లు పోయవలసి వస్తే, దాతను పొగడడానికి ముందు పంచాయతీని నిలదీయవలసి ఉన్నది. ట్యాంకరు వచ్చిన వీధిలో కొళాయి గురించి అడిగేవారు క్రమంగా తగ్గిపోతారు. ఇది కాస్త కటువుగా వినిపించవచ్చు గాని, అనుభవంలో ఉన్న మాట.

వ్యాపారం నుండి రాజకీయానికి రావడం ఈ నియోజకవర్గానికి తెలిసిన దారే. మేకపాటి గౌతమ్ రెడ్డి నిర్మాణరంగ కుటుంబం నుండి వచ్చి 2014, 2019లలో ఆత్మకూరు శాసనసభ్యులై, పరిశ్రమల మంత్రిగా పనిచేశారు. 2022 ఫిబ్రవరిలో ఆయన అకాలమరణం పొందగా, జూన్ నాటి ఉప ఎన్నికలో సోదరుడు విక్రమ్ రెడ్డి గెలిచారు. 2014లో నెల్లూరు మేయరుగా అబ్దుల్ అజీజ్ ఎన్నికైనప్పుడు జిల్లా ముస్లింలు సంతోషించారు, సంతోషించడం సహజం. కావున వ్యాపారి రాకూడదనో, మనవాడు కాకూడదనో నా వాదం కాదు. వచ్చేవాడు సంచుల లెక్కతో పాటు పద్దుల లెక్క కూడా తేవాలన్నదే వాదం.

మన పెద్దలలో పలువురి చూపు అసలు ఎన్నిక మీద కాక కో-ఆప్షన్ మీద ఉంటుంది. మండల పరిషత్‌లో మైనారిటీలకు ఒక కో-ఆప్టెడ్ స్థానం ఉన్నది. 2021 సెప్టెంబరు 24న ఎం.పి.పి. ఎన్నికకు ముందే ఆ స్థానం నింపారు. పురపాలక సంఘాలలోనూ ఇట్టి స్థానాలున్నాయి. ఆ సభ్యుడు సమావేశంలో మాట్లాడవచ్చు, ఓటు వేయలేడు. ఓటు లేనివానికి మిగిలినది గొంతు ఒక్కటే. ఆ గొంతును పార్టీకి ఎక్కువ ఖర్చు పెట్టినవానికి బహుమతిగా ఇచ్చేస్తే, అతడు మాట్లాడవలసిన రోజున తనను కూర్చోబెట్టినవారి ముఖం చూస్తాడు. మన పేరిట ఉన్న ఒక్క కుర్చీని మనమే మూగ కుర్చీగా మార్చుకున్న మండలాలు లేకపోలేదు.

స్థానిక సంస్థలలో బి.సి. స్థానాలకు ఎ, బి, సి, డి, ఇ విభజన లేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. చదువులో, ఉద్యోగంలో దూదేకులవారు బి.సి.-బి, తక్కిన వెనుకబడిన ముస్లింలు నాలుగు శాతం బి.సి.-ఇ, వార్డులో మాత్రం అందరూ ఒకే బరిలో. డబ్బున్నవాడే నిలబడగలడన్న నిరాశ అక్కడినుండే పుడుతున్నది.

అందుకే అడగవలసినవి అడగాలి. అయ్యా, మీ దుకాణంలో, మీ మిల్లులో పనిచేసేవారికి కనీస వేతనం, పి.ఎఫ్. ఉన్నవా? చెమట ఆరకముందే కూలి చెల్లించమన్న ధర్మం ఇఫ్తార్ విందు కన్నా ముందుది. ఉదయగిరి కొయ్య చెంచాలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. వాటిని చెక్కేవారిలో అధికులు ముస్లిం స్త్రీలు. ఆ చెంచా నగరంలో పలికే ధరలో ఆ చేతికి ఎంత దక్కుతున్నదో ఏ అభ్యర్థి అయినా కనుక్కున్నారా? వక్ఫ్ దుకాణమో, వక్ఫ్ పొలమో మీ పేరనో మీ బంధువుల పేరనో లీజులో ఉన్నదా, ఉంటే అద్దె ఎంత, బకాయి ఎంత? 2025 వక్ఫ్ సవరణ చట్టానికి వ్యతిరేకంగా ఊరేగింపులో ముందు నడిచినవారు ఈ ప్రశ్నకు వెనుకంజ వేయరాదు. ఆ ఆస్తులను కాపాడమని ప్రభుత్వాన్ని అడిగే మనం, మన ఇంటివాడు వందల రూపాయల అద్దెతో అనుభవిస్తుంటే కన్ను మూసుకోలేము.

ఈ ప్రశ్నలు మస్జిద్ లోపల వద్దు. ప్రార్థనాస్థలాన్ని ప్రచారవేదిక చేయడం నియమావళికీ విరుద్ధం, అదబుకూ విరుద్ధం. షాదీఖానాలో కూర్చోబెట్టండి. స్త్రీలను పిలవండి, ఎందుకంటే రేషన్ సంచి కోసం వరుసలో నిలబడేది వారే, ఫోటోలో పడేదీ వారే. ఆయన చెప్పిన జవాబులు ఒక రిజిస్టరులో రాసి, ఆయన చేత సంతకం చేయించండి. నాలుగవ వైపు గోడ ఎప్పుడు కడతారో, దానికి ముందు సర్వేకు అర్జీ ఏ తారీఖున పెడతారో కూడా అందులో ఉండనివ్వండి.