ట్యాపెట్ కవర్‌తో ఇంటర్వ్యూకి!

బీటెక్ మెకానికల్ ఫైనలియర్‌లో ప్రాజెక్టును డబ్బులిచ్చి కొనుక్కునేవాళ్లు తక్కువేం కాదు. తీరా ఇంటర్వ్యూలో 'ఇందులో నువ్వు చేసిందేంటి?' అని అడిగితే నోరు పెగలదు. నా మాట విని పాత సామాన్ల షాపులో ఓ కారు ట్యాపెట్ కవర్, అల్యూమినియందే, కొనండి. ఇంట్లోనే అద్దంలా మెరిపించండి.

ముందు జిడ్డు, పెయింటు వదిలించాలి. కాస్టిక్ సోడా జోలికి పోవద్దు, అది అల్యూమినియాన్నే తినేస్తుంది. తర్వాత నీళ్లతో తడుపుతూ 220 నంబర్ వాటర్ పేపర్‌తో మొదలుపెట్టి 400, 600, 1000, 1500 దాకా రుద్దాలి. నంబర్ మారినప్పుడల్లా పాత గీతలకు అడ్డంగా రుద్దండి. అవి పూర్తిగా పోయేదాకా తర్వాతి పేపర్ ముట్టుకోవద్దు. అందరూ తొందరపడేది ఇక్కడే. 400 దగ్గర వదిలేసిన గీత బఫింగ్ అయ్యాక వెక్కిరిస్తుంది. ఇక మళ్లీ మొదటికే! గాస్కెట్ కూర్చునే అంచును మాత్రం రుద్దకండి. అక్కడ చదును పోతే ఆయిల్ కారుతుంది. బఫింగ్ చేసేటప్పుడు కళ్లద్దాలు, మాస్కు తప్పనిసరి. వదులు చొక్కాలు వద్దు.

'దీంతో ఇంజిన్ పవర్ పెరుగుతుందా?' అని ఫ్రెండ్స్ నవ్వొచ్చు. పెరగదు. కానీ సర్ఫేస్ ఫినిష్ అంటే ఏంటో పుస్తకం కన్నా మీ వేళ్లకే బాగా తెలుస్తుంది. డ్రాయింగ్‌లో మైక్రాన్ల లెక్క కనిపిస్తే బెదరరు.

ఆ కవర్‌ను సంచిలో వేసుకెళ్లి ఇంటర్వ్యూ టేబుల్ మీద పెట్టండి. ఏ నంబర్ దగ్గర తప్పు చేశారో అదీ చెప్పండి.