ముందు నీరు, పిమ్మట నౌక

ఓడలు బండ్లగును, బండ్లు ఓడలగును అన్న సామెతను ఫ్రాన్సు దేశపు కాలువలు మరొక విధంగా నిజం చేసినవి. ఒకప్పుడు ధాన్యమూ, బొగ్గూ, ద్రాక్షసారాయీ మోసిన సరుకు పడవలు అక్కడ నేడు విలాసగృహాలైనవి. సరుకు నింపిన గర్భంలో పడకగదులు, పైన భోజనశాల, వెంట వంటవాడు. మనిషి నడకను పెద్దగా మించని వేగంతో లాకు వెంట లాకు దాటుతూ సంపన్నులు వారం రోజులు విశ్రమిస్తారు. 1681లో పూర్తియై, 1996లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపు పొందిన మిడి కాలువ ఇట్టి విహారానికి పేరుపడినది.

అట్టి నౌకలు మన బకింగ్‌హాం కాలువపై ఎందుకు తేలరాదని నెల్లూరు తీరాన్ని ఎరిగిన వారెవరైనా అడుగవచ్చును. ప్రశ్న సహేతుకమే. ఒక ప్రక్క సముద్రం, ఒక ప్రక్క సరుగుడు తోటలు, ఉప్పు కొటార్లు, దక్షిణాన పులికాటు సరస్సు, శీతకాలంలో అక్కడ దిగే రాజహంసలు: ఇంతటి దృశ్యసంపద ఏ దేశపు కాలువకైనా అరుదే. అయితే సమాధానం చెప్పుటకు ముందు ఆ కాలువ కథ కొంత తెలిసికొనవలెను.

పెదగంజాం నుండి నెల్లూరు తీరం వెంట మద్రాసు చేరి, అక్కడనుండి మరక్కాణం వరకు సాగిన ఈ కాలువ నిడివి సుమారు 420 కిలోమీటర్లు. 1806లో మద్రాసుకు ఉత్తరాన చిన్న త్రవ్వకంగా మొదలై అంచెలంచెలుగా పెరిగినది. కొమ్మమూరు కాలువతో కలసి కృష్ణా డెల్టాను చెన్నపట్టణంతో ముడివేసినది. 1899లో రైలుమార్గం గూడూరు మీదుగా మద్రాసు చేరిన పిమ్మట కూడ చిరకాలం బియ్యం, ఉప్పు, వంటచెరకు దీనిమీద సాగినవి. గాలి ఉన్నప్పుడు తెరచాప, లేనప్పుడు గెడ, అదియు చాలనప్పుడు భుజాన తాడు తగిలించుకొని గట్టు వెంట నడుస్తూ పడవను లాగిన మనుషులు.

కాలువకు ఆ పేరు వచ్చినది కరువు వలన. 1876-78 నాటి ధాత కరువులో, మద్రాసు నగరాన అడయారు, కూవం నదులను కలిపే భాగాన్ని కరువు పనిగా త్రవ్వించారు. నాటి గవర్నరు బకింగ్‌హాం డ్యూకు పేరు కాలువ మొత్తానికీ నిలిచినది. ఆ కరువులో సహాయపు పనులకు 1877 తొలినాళ్లలో సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించిన కూలి మగవానికి రోజుకొక పౌను ధాన్యం, ఒక అణా. ప్రభువు పేరు నిలిచినది. పార పట్టిన వారి పేర్లు నిలువలేదు. ఆకలి త్రవ్విన చోట విందు నౌక నడపడం తప్పా? తప్పని నేననను. కాని ఆ విందు ఎవరికి అన్నం పెట్టునో ముందుగా అడుగవలెను.

రైలూ, లారీ దొరకగానే ఏరు దాటి తెప్ప తగలేసినట్లు మనం కాలువను మరచితిమి. 1965-66, 1976 తుపానులు దానిని దెబ్బతీసినవి. తరువాత పూడిక పేరుకొన్నది; లాకులు శిథిలమైనవి. అయినను 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు ఆ మరచిన కాలువే పొంగివచ్చిన నీటిని తనలోనికి తీసికొని, వెనుకనున్న పల్లెలకు కొంత కాపు కాసినది. 2008లో దీనిని నాలుగవ జాతీయ జలమార్గంలో చేర్చారు. శాసనంలో జలమార్గమైనంత మాత్రాన కాలువకు లోతు రాదు.

విలాసనౌక వస్తే ధనికుల సొమ్ము బీదపల్లెకు చేరుతుంది గదా అని కొందరు వాదింపవచ్చును. అందులో సత్యం లేకపోలేదు. కేరళలో 1990 ప్రాంతం నుండి, కొబ్బరిపీచు తాళ్లతో పలకలు కుట్టి కట్టిన ధాన్యపు పడవలు విహారగృహాలై ఎందరికో బ్రతుకుతెరువు చూపినవి. కాని ఆ పడవలు విడిచే మురుగు వేంబనాడు సరస్సుకు భారమైనది. మన గోదావరిలో 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద విహారనౌక మునిగి ఎందరో ప్రాణాలు కోల్పోయిన సంగతి మరువరానిది. లాభం కంటికి కనబడినంత త్వరగా జాగ్రత్త కనబడదు.

కావున క్రమం ముఖ్యం. ముందుగా పూడిక తీయవలెను, లాకులు బాగుచేయవలెను, రొయ్యల చెరువుల మురుగు కాలువలో పడకుండ చూడవలెను. పిమ్మట ఉప్పూ, ధాన్యమూ మోసే పడవ నడువవలెను. జాలరి పడవకు అడ్డు లేకుండవలెను. ఆ తరువాత విలాసనౌక రావచ్చును. వచ్చినప్పుడు దాని చుక్కాని పట్టవలసినది తీరపు మనిషి. అతడు యాత్రికులు ఫొటో తీసికొనే వింత కారాదు. ఫ్రాన్సు కాలువలపై విందునౌక తేలుచున్నదనగా, దానికి ముందు కొన్ని తరాలవారు లాకులను, గట్లను కాపాడుకొన్నారని అర్థం. ఆ శ్రమను వదలి, పై మెరుగును మాత్రం తెచ్చుకొనజాలము.

ఉపాధ్యాయులకు ఒక మనవి. తీరగ్రామాల బడిపిల్లలను ఒక్క పూట కాలువ గట్టుకు తీసికొని వెళ్లండి. గెడ, చుక్కాని, సరంగు, లాకు అన్న మాటలు ఊరి పెద్దలవద్ద అడిగి వ్రాయించండి. ఇంగ్లీషునుండి వచ్చిన లాకు తెలుగు మాటవలె మన నోట ఇమిడిపోయినదన్నచో, ఆ కాలువ మన జీవితంలో ఎంత లోతుగా పారినదో పిల్లలే గ్రహింతురు. రేపు ఆ కాలువను ఏమి చేయవలెనో నిర్ణయించువారు వారే.