పెరటి ముచ్చట్లు: తప్పు చేతిది కాదు, నీటిది

చందాపుర నుంచి మన సభ్యుల యింటి కోడలొకామె గత నెల ఉత్తరం వ్రాసింది. నీలగిరికి వెళ్ళినప్పుడు సరదాపడి ‘హెదర్’ అనే సీమ పూలమొక్కలు రెండు తెచ్చుకున్నదట. మేడమీద తొట్లలో పెట్టి, రోజూ తప్పకుండా నీళ్ళు పోసిందట. నెల తిరిగేసరికి ఆకులు పసుపురంగుకు తిరిగి, కొసలు మాడి, రెండు మొక్కలూ చచ్చిపోయాయి. “అత్తగారు నన్నేమీ అనలేదు గాని, పక్కింటివారితో మా కోడలి చేతిలో మొక్క నిలవదన్నారు. అప్పటినుంచీ తులసికి నీళ్ళు పోయాలన్నా జంకుగా వున్నది. నా హస్తవాసి అంత చెడ్డదా, పిన్నిగారూ?” అని ఆమె ప్రశ్న.

కాదమ్మాయీ. నేరం నీ చేతిది కాదు, నువ్వు పోసిన నీటిది. ఎట్లాగో చెబుతాను. మీ అత్తగారిని కూడా పక్కన కూర్చోబెట్టుకుని చదువు.

అసలు హెదర్ జాతి మొక్కల పుట్టిల్లు చలిదేశాలు. స్కాట్లండు కొండలమీద మైళ్ళకు మైళ్ళు ఊదారంగు పరిచినట్టు పూసేది అదే. దాని దాయాది ‘ఎరికా’లో ఎనిమిది వందలకు పైగా రకాలున్నాయి. వాటిలో ఎక్కువ భాగం దక్షిణాఫ్రికా కొననున్న కేప్ ప్రాంతానివి. మన నీలగిరిలో ఎర్రగా పూసే రోడోడెండ్రాన్ చెట్టూ, వింటర్‌గ్రీన్ తైలమిచ్చే పొదా యీ కుటుంబంలోవే. వీటన్నిటి వేళ్ళూ వెంట్రుకలంత సన్ననివి. వాటికి పులుపు మన్ను కావాలి, సున్నం గిట్టదు.

బెంగళూరు చుట్టుప్రక్కల ఎర్రమన్ను సహజంగా కొంచెం పులుపుదే. చిక్కల్లా బోరు నీళ్ళతో. మీ యింట్లో నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లటి పెంకు కడుతున్నదా? సబ్బు సరిగా నురగ రావడం లేదా? అయితే ఆ నీటిలో సున్నం వున్నట్టే. రోజూ ఆ నీళ్ళే పోస్తే తొట్టిలో మన్ను పులుపు పోతుంది. అప్పుడు మన్నులో ఇనుమున్నా వేళ్ళు దాన్ని పీల్చుకోలేవు. ముందు లేతాకు పసుపుపచ్చనై, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. నువ్వు ఎంత శ్రద్ధగా పోస్తే మొక్కకు అంత చేటయింది. శ్రద్ధ లేక చచ్చిన మొక్కలు కావవి!

సరే, ఆ అందం మన పెరట్లో కావాలంటే దారి లేదా? ఉన్నది. నర్సరీలలో ‘మెక్సికన్ హెదర్’ అని అమ్మే చిన్న పొద వొకటుంది. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ‘కుఫియా’. మెక్సికో, గ్వాటెమాలా ప్రాంతాలు దాని పుట్టిల్లు. పేరుకు హెదరే గాని దానికీ దీనికీ చుట్టరికం లేదు. మరి దీని చుట్టాలెవరనుకున్నారు? మన గోరింట, మన దానిమ్మ! ఆషాఢంలో మన చేతులు పండించే గోరింటకు యిది దూరపు చెల్లెలన్నమాట.

మొక్క అడుగు, రెండడుగులకు మించదు. సన్నని ఆకులు, ఆరు రేకుల చిట్టిపూలు; ఊదా, గులాబి, తెలుపు రంగులు. మన చలీ, మన ఎండా రెండూ దానికి సరిపడతాయి గనుక ఏడాదిలో చాలా భాగం పూస్తూనే వుంటుంది. సీతాకోకచిలుకలు వస్తాయి. సున్నపు నీటికి హెదర్ బెదిరినట్టు యిది బెదరదు.

పెంచే పద్ధతి చెబుతాను. రెండుపాళ్ళు ఎర్రమన్ను, ఒకపాలు యిసుక, ఒకపాలు బాగా మాగిన పశువుల ఎరువు కలపాలి. తొట్టి అడుగున చిల్లు మూసుకోకుండా పెంకుముక్క పెట్టాలి. పూటకు నాలుగైదు గంటలైనా ఎండ తగలాలి. పైమన్ను ఆరితేనే నీళ్ళు. వానాకాలంలో పూలు లేని లేతకొమ్మను నాలుగంగుళాలు తుంచి, కింది ఆకులు దూసి, తడి యిసుకలో గుచ్చి నీడలో వుంచితే కొద్ది వారాల్లో వేళ్ళు తొడుగుతుంది. పొద గుబురు కావాలంటే నెలకొకసారి కొసలు కత్తిరించాలి. ఒక్క హెచ్చరిక: దాని గింజలు రాలి తామే మొలుస్తాయి. హవాయిలోనూ, ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండులోనూ యిది కలుపుగా మారింది. కనుక తొట్టిలోనో, దారి అంచునో వుంచండి. చెరువుగట్టుకు మాత్రం వదలకండి.

అసలు హెదరే కావాలని పట్టుదల వుంటే, మేడమీద పడిన వాననీటిని పట్టి దాచి, ఆ నీళ్ళే పోసి, మధ్యాహ్నపు ఎండ తగలకుండా పెంచి చూడు. అయినా మన వేసవి దానికి కష్టమే. పోతే మళ్ళీ నిన్ను నువ్వు తిట్టుకోకు.

ఇక అత్తగారికి ఒక మాట. వదినగారూ, మన పెద్దవాళ్ళు పొరుగూళ్ళనుంచి యిక్కడికొచ్చి కాపురాలు పెట్టినప్పుడు ఎన్ని మొక్కలు చచ్చాయో మనకు గుర్తులేదు, బతికినవే కనబడుతున్నాయి. ఈ వానలకు కుఫియా కొమ్మలు రెండు తెప్పించి, ఒకటి మీరూ, ఒకటి కోడలూ ఒకే తొట్టిలో గుచ్చండి. పూసినప్పుడు ఏ కొమ్మ ఎవరిదో చెప్పగలిగితే అప్పుడు హస్తవాసి మాట ఆలోచిద్దాం.