లాంచీ మీద భోజనం – అత్తగారి మాత్ర

ప్రశ్న: డాక్టరు గారూ! మాది రాజవొమ్మంగి. మా అత్తగారికి అరవై నాలుగేళ్ళు. పదేళ్ళుగా చక్కెర వ్యాధి ఉంది. పొద్దున్న ఒక గ్లిమిపిరైడ్ మాత్ర, రెండు పూటలా మెట్‌ఫార్మిన్ మాత్ర వాడుతున్నారు. పోయిన కార్తీక మాసంలో మేమంతా పాపికొండలు చూడటానికి వెళ్ళాం. తెల్లవారుజామున నాలుగు గంటలకే బయలుదేరాం. అడవి దారి మలుపుల్లో మా బాబు (ఎనిమిదేళ్ళు) రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. దారిలో మరుగుదొడ్డికి ఇబ్బంది అవుతుందని అత్తగారు మంచినీళ్ళు కూడా ముట్టలేదు. అలవాటు ప్రకారం ఏడు గంటలకు మాత్రలు మాత్రం వేసుకున్నారు. లాంచీలో తొమ్మిదిన్నరకు ఉప్మా పెడితే రెండు చెంచాలు తిని చాలన్నారు. మధ్యాహ్నం రెండయినా భోజనం రాలేదు. అప్పటికే ఆవిడకు ఒళ్ళంతా చెమటలు పట్టి, చేతులు వణికి, పిలిస్తే పొంతన లేని మాటలు మాట్లాడారు. ఎండదెబ్బ అన్నారొకరు. గాలి సోకిందన్నారు మరొకరు. లాంచీలో వంట చేసే అబ్బాయి వచ్చి చూసి, "పెద్దమ్మకి షుగరుందా అండీ?" అని అడిగి, పంచదార నీళ్ళు తాగించాడు. పావుగంటలో తేరుకున్నారు. అప్పటినుంచి మా వారు వాళ్ళమ్మను ఊరు దాటనివ్వటం లేదు. ఇప్పుడు విశాఖలో ఉన్న మా మరిది, అక్కడినుంచి ప్రయాణికుల ఓడ బయలుదేరినప్పుడు అందరినీ తీసుకువెళతానంటున్నాడు. "నన్ను వదిలేసి మీరు వెళ్ళిరండి" అంటున్నారు అత్తగారు. ఆ మాట అని, లోపలికి వెళ్ళి కళ్ళు తుడుచుకోవటం నేను చూశాను. ఆవిడను తీసుకువెళ్ళవచ్చునా? ఓడలో ఏం పెట్టాలి? ఎక్కడ కూర్చోబెట్టాలి?

– ఒక సోదరి, రాజవొమ్మంగి

జవాబు: తీసుకువెళ్ళండమ్మా. ఆ ఒక్క మాట ముందు చెప్పి తరువాత కారణాలు వ్రాస్తాను. మీ అత్తగారికి ఆనాడు ముప్పు తెచ్చింది గోదావరీ కాదు, లాంచీ కాదు, ఆవిడ వయస్సూ కాదు. మాత్రకూ భోజనానికీ మధ్య పెరిగిపోయిన దూరం. ఆ దూరాన్ని తగ్గించడం మన చేతిలో పని. దానికోసం ఒక తల్లిని ఇంట్లో కూర్చోబెట్టనక్కరలేదు.

ఆ రోజు ఏం జరిగింది?

చక్కెర వ్యాధి మాత్రలన్నీ ఒకే రకం కావు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవటం అరుదు. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటివి అలా కాదు. అవి క్లోమగ్రంథిని తట్టి లేపి ఇన్సులిన్ విడుదల చేయిస్తాయి. మీరు తిన్నారా లేదా అని ఆ మాత్ర కనిపెట్టి చూడదు. కడుపులో అన్నం ఉంటే ఆ ఇన్సులిన్ దాని పని అది చేస్తుంది. అన్నం లేకపోతే ఉన్న చక్కెరను కూడా రక్తంలోంచి తోసేస్తుంది. అప్పుడు చెమటలు, వణుకు, గుండెదడ, ఆకలి, చూపు మసకబారటం, ఆ తరువాత మాట తడబడటం, చివరకు స్పృహ తప్పటం జరుగుతాయి.

మీ అత్తగారు ఏడు గంటలకు మాత్ర వేసుకుని, రెండు చెంచాల ఉప్మాతో మధ్యాహ్నం దాకా గడిపారు. పైగా నీళ్ళు తాగలేదు. ఎండదెబ్బ అనుకుని నెత్తిమీద నీళ్ళు చల్లుతూ ఇంకో గంట గడిపి ఉంటే ఏమయ్యేదో ఊహించటానికే భయం వేస్తుంది. లాంచీ నది మధ్య ఉంది, రెండువైపులా కొండలు, సెల్‌ఫోన్ పలకని చోట్లు ఎన్నో. ఆ వంట అబ్బాయి అడిగిన ప్రశ్న ఒక ప్రాణం నిలిపింది. మన పాఠకులందరూ ఆ ప్రశ్నను జ్ఞాపకం పెట్టుకోవాలి. ప్రయాణంలో పెద్దవారు ఉన్నట్టుండి చెమటలు పట్టి తికమకగా మాట్లాడితే, మొదట అడగవలసింది అదే.

విస్తరి కనిపించాకే మాత్ర

ఇంట్లో ఉన్నప్పుడు గడియారం చూసి మాత్ర వేసుకోవచ్చు, ఎందుకంటే ఇంట్లో అన్నం కూడా గడియారం ప్రకారమే వస్తుంది. లాంచీలోనో, ఓడలోనో, పెళ్ళిలోనో అన్నం మన చేతిలో ఉండదు. కనుక అక్కడ సూత్రం ఒకటే. విస్తరి ఎదుటికి వచ్చి, పదార్థం వడ్డించిన తరువాతే మాత్ర. ఇన్సులిన్ వేసుకునేవారికి కూడా ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. అంతేగాని, భయపడి మోతాదు మీరే తగ్గించవద్దు, మానిపించవద్దు. ప్రయాణానికి వారం ముందు మీ డాక్టరును కలిసి, ఆ రోజు జరిగింది యథాతథంగా చెప్పండి. మూత్రపిండాలు మందగించిన పెద్దవారిలో ఈ మాత్రల ప్రభావం ఎక్కువసేపు ఉంటుంది. కాబట్టి రక్తంలో క్రియాటినిన్ ఒకసారి పరీక్ష చేయించటం మంచిది. అవసరమైతే ఆయన మందే మార్చవచ్చు.

లాంచీలో ఏం తినాలి?

పాపికొండల లాంచీలు ఇప్పుడు ఎక్కువగా దేవీపట్నం దగ్గరి గండిపోచమ్మ గుడి రేవునుంచి పేరంటపల్లి వరకు వెళ్ళి వస్తాయి. ఉదయం ఫలహారం, మధ్యాహ్నం భోజనం లాంచీలోనే. ఊళ్ళో అయితే ఒక హోటలు నచ్చకపోతే ఇంకో హోటలుకు పోతాం. నీటిమీద ఆ వీలు లేదు. అందుకే పెట్టేదాంట్లో ఎంచుకోవటం తెలియాలి.

పొగలు కక్కుతున్నది ఏదైనా మంచిదే. ఇడ్లీ, ఉప్మా, వేడి సాంబారు నిశ్చింతగా తినండి. వండి రెండు గంటలు దాటి, గోరువెచ్చగా మూత పెట్టి ఉంచిన అన్నంతోనే తంటా. బియ్యంలో ఉండే ఒక సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా నిలవ ఉంటే అవి మళ్ళీ పెరిగి విషం తయారుచేస్తాయి. ఆ అన్నాన్ని తిరిగి వేడి చేసినా ఆ విషం పోదు. తిన్న ఒకటి నుంచి ఆరు గంటల లోపల వాంతులు మొదలవుతాయి. మన పెద్దలు ప్రయాణాలకు పులిహోర కట్టించటంలో అర్థం ఉంది. చింతపండు పులుపులో సూక్ష్మజీవులు త్వరగా పెరగలేవు. అయితే వేడివేడిగా ఆకులో మూటకట్టవద్దు. ఆరబెట్టి కట్టండి.

కోసి ఉంచిన పండ్ల ముక్కలు, కొబ్బరి పచ్చడి, పెరుగు పచ్చడి ఎండ పొద్దు దాటాక ముట్టవద్దు. అరటిపండు, కమలాపండు వంటివి మీ చేతులతో తొక్క తీసుకుని తినండి. మారేడుమిల్లి వైపు బొంగులో చికెన్ గురించి చాలామంది అడుగుతూంటారు. నూనె తక్కువ, నిప్పులమీద ఉడికేది, మీ కళ్ళముందు బొంగు చీల్చి పెడితే తప్పు లేదు. పొద్దుటెప్పుడో కాల్చి ఉంచింది వద్దు. ప్లేటునుగాని, గ్లాసునుగాని నది నీళ్ళతో తొలిచి ఇస్తే తీసుకోకండి. తాగే నీళ్ళు ఇంటినుంచి తీసుకువెళ్ళండి. రక్తపోటు ఉన్నవారు ఊరగాయ, అప్పడం దగ్గర చెయ్యి వెనక్కి తీయాలి.

వీటన్నిటికంటే ముఖ్యం, మీ సంచీలో మీ తిండి ఉండటం. చోడిపిండి రొట్టెలు, వేపిన వేరుశనగలు, అరటిపళ్ళు చాలు. జీడిమామిడి తోటలున్న ప్రాంతం మీది, గుప్పెడు జీడిపప్పు కూడా వేసుకోండి. లాంచీవారి భోజనం ఆలస్యమైతే మీ అత్తగారు వారికోసం కాచుకుని కూర్చోనక్కరలేదు.

ఎక్కడ కూర్చోవాలి?

మీ బాబు సంగతి. చెవి లోపల మన శరీరం ఊగుతున్నదీ లేనిదీ చెప్పే ఒక అవయవం ఉంది. అది "ఊగుతున్నాం" అంటుంది, పుస్తకంమీదో ఫోనుమీదో ఉన్న కన్ను "కదలటం లేదు" అంటుంది. ఈ రెంటి తగవులోంచి పుట్టేదే కడుపులో తిప్పటం. బస్సులో ముందు సీటు, లాంచీలో ఇంజను పొగకు, వంట వాసనకు దూరంగా మధ్య భాగం, ఓడలో కింది అంతస్తు మధ్య భాగం మేలు. అక్కడ ఊపు తక్కువ. దూరంగా కొండనో, నీళ్ళూ ఆకాశమూ కలిసే చోటునో చూడమనండి. ఖాళీ కడుపు మంచిది కాదు, నిండు కడుపూ మంచిది కాదు. రెండు ఇడ్లీలు సరి. వాంతులు రాకుండా వేసే మాత్రలు ప్రయాణానికి గంట ముందు వేస్తేనే పనిచేస్తాయి, నిద్రమత్తు తెస్తాయి. కనుక బాబు బరువు చెప్పి డాక్టరు చేత వ్రాయించుకోండి. పెద్దవారికి అడగకుండా వేయవద్దు.

ఇంకొక్క మాట. లాంచీలో భోజనం పెట్టినప్పుడు అందరూ ఒక్క వైపుకు గుమికూడవద్దు. తినేటప్పుడు కూడా లైఫ్ జాకెట్ విప్పవద్దు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర జరిగిన ఘోరం తరువాత ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా తక్కువే.

పెద్ద ఓడలో భోజనశాలలు

విశాఖ రేవునుంచి 2022 జూన్‌లో ఎంప్రెస్ అనే విహారనౌక పుదుచ్చేరి, చెన్నై వైపు యాత్రికులను తీసుకువెళ్ళింది. అలాంటి నౌకలో లాంచీకి భిన్నమైన చిక్కు వస్తుంది. అక్కడ తిండి ఆలస్యం కాదు, పొద్దస్తమానం కళ్ళముందే ఉంటుంది! సాధారణంగా ఇలాంటి ఓడల్లో కూర్చోబెట్టి వడ్డించే పెద్ద భోజనశాల ఒకటి, ఎవరికి వారు వడ్డించుకునే బఫే ఒకటి, చిరుతిళ్ళ అంగళ్ళు కొన్ని ఉంటాయి.

మీ అత్తగారికి వడ్డించే భోజనశాలే మంచిది. వేళ నిర్ణయమై ఉంటుంది. రెండు పంక్తులుంటే రాత్రికి మొదటి పంక్తి అడగండి. టిక్కెట్టు కొనేటప్పుడే చక్కెర వ్యాధి, ఉప్పు తక్కువ, శాకాహారం అని చెబితే వ్రాసుకుంటారు. బఫేలో అయితే తలుపులు తెరిచిన మొదటి అరగంటలో వెళ్ళండి. ముందు ఒక చుట్టు తిరిగి అన్నీ చూసి, తరువాతే పళ్ళెం పట్టుకోండి. సగం పళ్ళెం కూరలు, పావు పప్పు, పావు అన్నం లేదా రొట్టె. మిఠాయి ఒకటి రుచి చూస్తే కొంప మునగదు, మూడయితే మునుగుతుంది.

ఓడల్లో వ్యాపించే వాంతులు, విరేచనాలకు నోరోవైరస్ అనే క్రిమి ముఖ్య కారణం. అది గరిటెల కాడల మీద, మెట్ల కమ్మీల మీద చేరుతుంది. సీసాలో అమ్మే చేతి ద్రవానికి అది సరిగా లొంగదు. సబ్బూ నీళ్ళే దానికి మందు. ఇరవై సెకండ్లు రుద్ది కడగాలి. బఫేలో వడ్డించుకున్న తరువాత, తినబోయే ముందు చెయ్యి కడుక్కోవటం మరవకండి. ఆ గరిటె మీకంటే ముందు వందమంది పట్టుకున్నారు. అమెరికాలో 1970ల నుంచి ఓడల వంటశాలలను తనిఖీ చేసి నూటికి మార్కులు వేస్తారు. ఎనభై ఆరు రాకపోతే తప్పినట్టే. అంత పెద్ద ఓడలకే ఆ పరీక్ష ఉందంటే, మనం చేతులు కడుక్కోవటం చాదస్తం కాదు గదా!

మళ్ళీ అలా జరిగితే

మీ చేతిసంచీలో గ్లూకోజు పొట్లం ఉంచండి. పెట్టెలో కాదు, చేతిసంచీలో. చెమట, వణుకు కనిపించగానే మూడు నాలుగు టీ చెంచాల గ్లూకోజుగాని పంచదారగాని అరగ్లాసు నీళ్ళలో కలిపి తాగించండి. పదిహేను నిమిషాల్లో తేరుకోకపోతే మళ్ళీ ఒకసారి ఇవ్వండి. తేరుకున్నాక ఊరుకోవద్దు. అరటిపండో, రొట్టెో, అన్నమో పెట్టండి. ఆ మాత్ర ప్రభావం గంటల తరబడి ఉంటుంది, చక్కెర మళ్ళీ పడిపోవచ్చు. అందుకే ఆ రోజే డాక్టరుకు చూపించాలి. అకార్బోస్, వాగ్లిబోస్ మాత్రలు కూడా వాడేవారికి పంచదార త్వరగా పనిచేయదు, గ్లూకోజే కావాలి. మింగలేని స్థితిలో, స్పృహ లేనప్పుడు నోట్లో ఏమీ పోయవద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, వెంటనే వైద్యసహాయం కోరండి. పెద్ద విహారనౌకల్లో డాక్టరు ఉంటాడు. ఎక్కగానే ఆ గది ఎక్కడో చూసుకోండి.

వాంతులు, విరేచనాలు పట్టుకుంటే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చదును టీ చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొంచెం కొంచెంగా తాగించండి. చక్కెర వ్యాధి ఉన్నవారు ఏమీ తినలేక వాంతులు చేసుకుంటూ ఉంటే, ఆ పూట మాత్రల సంగతి డాక్టరును అడగకుండా ముందుకు పోవద్దు.

చివరిగా, మీ అత్తగారు నీళ్ళెందుకు తాగలేదో మీరే వ్రాశారు. మన ఆడవాళ్ళు మరుగుదొడ్డి భయంతో ప్రయాణమంతా నోరు కట్టుకుని కూర్చుంటారు. దానివల్ల మూత్రకోశంలో చీము పడుతుంది, నీరసం వస్తుంది, తిండి కూడా మానేస్తారు. లాంచీ ఎక్కగానే మీరే ఆవిడను చెయ్యి పట్టుకుని తీసుకువెళ్ళి మరుగుదొడ్డి ఎక్కడుందో చూపించండి. "నేనుంటాను అత్తయ్యా" అని ఒక్క మాట అనండి. ఆవిడ నీళ్ళు తాగుతారు, ఉప్మా పూర్తిగా తింటారు. మీ వారికి ఈ జవాబు చదివి వినిపించండి. వాళ్ళమ్మకు కావలసింది నాలుగు గోడల కాపలా కాదు, వేళకు ఒక విస్తరి, సంచీలో ఒక గ్లూకోజు పొట్లం, పక్కన మీరు. ఓడ ఎక్కించండి, సముద్రం చూడనివ్వండి.