లక్కపిడతలు మళ్ళీ వచ్చాయి, ఆడించేవారేరి?



కిందటి వేసవిలో మేము టెక్కలి దగ్గర రావివలసలో ఒక ఇంటికి వెళ్ళాము. ఆ ఇంట్లో ఉండేది ఇద్దరే, అరవై దాటిన మామ్మ, ఆరేళ్ళ మనుమరాలు. కొడుకూ కోడలూ హైదరాబాదులో పని చేసుకుంటున్నారు. మన ప్రాంతంలో ఇటువంటి ఇళ్ళు ఎన్ని ఉన్నాయో మీకు వేరే చెప్పనక్కరలేదు. మీలో కొందరి ఇల్లే అది కావచ్చు.

ముందు గదిలో అద్దాల బీరువా ఉంది. అందులో పెళ్ళి ఫొటో పక్కన ఎర్రగా, పచ్చగా మెరిసిపోతూ లక్కపిడతల సెట్టు కనిపించింది. చిన్న కుండ, మూత, గరిటె, రోలు, తిరగలి, వాటితోపాటు రెండు లక్క బొంగరాలు. పాప మాత్రం గుమ్మంలో కూర్చుని సెల్ ఫోనులో బొమ్మల సినిమా చూస్తోంది.

"ఎంత బాగున్నాయమ్మా! పాప వీటితో ఆడుకోదా?" అని అడిగాము.

"మా బాబు తెచ్చినాడండి. రెండు రోజులు ఆడింది, తరవాత సూడనేదు. ఇరిగిపోతే ఆడు బాధపడతాడని ఎత్తి పెట్టేసినాను. ఫోను సేసినప్పుడల్లా, ఆడుతోందా అమ్మా అని అడుగుతాడు. ఆడుతోందిరా అని సెప్తాను" అని ఆమె తల దించుకుంది. కొడుకుతో అబద్ధం చెప్పవలసి వస్తోందని ఆమె బాధ.

మేము అక్కడ ఉండగానే కొడుకు ఫోను చేశాడు. మాతో కూడా మాట్లాడాడు. చిన్నప్పుడు టెక్కలి సంతలో లక్క బొంగరం కావాలని ఏడ్చాడట. నాన్న కూలి మనిషి, కొనలేకపోయాడు. తాటికాయలకు పుల్ల గుచ్చి బండి చేసి ఇచ్చాడు. "ఇప్పుడు నా చేతిలో నాలుగు డబ్బులు ఉన్నాయండి. దుకాణంలో ఆ సెట్టు కనబడగానే ఆగలేకపోయాను" అన్నాడు.

ఆ మాట మమ్మల్ని ఆలోచనలో పడేసింది. అతడు ఆ బొమ్మలు కొన్నది కూతురి కోసమా, సంతలో ఏడ్చిన ఆ పిల్లవాడి కోసమా? ఇద్దరి కోసమూ అనుకుంటాము. అందులో తప్పేమీ లేదు. అయితే ఈ రోజుల్లో లోకమంతటా పాత బొమ్మలూ పాత టీవీ కథలూ తిరిగి వస్తున్నది ఈ దారినే. ఆట పిల్లలదే గాని, డబ్బూ జ్ఞాపకమూ పెద్దలవి. అమ్మేవారికి ఈ సంగతి బాగా తెలుసు.

అమెరికాలో హీ-మ్యాన్ అనే బొమ్మ 1982లో అంగళ్ళకు వచ్చింది. దాని టీవీ కథ మరుసటి ఏడు మొదలయింది. అంటే బొమ్మ ముందు పుట్టింది, దాన్ని అమ్మడానికి కథ తరువాత పుట్టింది. దాదాపు నలభై ఏళ్ళ తరువాత 2021లో అదే హీ-మ్యాన్‌ను కొత్త కార్టూనుగా మళ్ళీ తీసుకొచ్చారు. 1959లో పుట్టిన బార్బీ బొమ్మ 2023లో పెద్ద సినిమా అయింది. ఆ సినిమాకు వెళ్ళినవారిలో పిల్లలకంటె, చిన్నప్పుడు ఆ బొమ్మతో ఆడుకున్న స్త్రీలే ముఖ్యులు.

మన దేశం సంగతి చూద్దాము. దూరదర్శన్‌లో శక్తిమాన్ 1997లో మొదలై 2005 దాకా నడిచింది. ఆదివారం గుడినుండి వస్తూనే బట్టలైనా మార్చుకోకుండా టీవీ ఉన్న ఇంటికి పరుగెత్తిన పిల్లలు మాకు ఇంకా జ్ఞాపకమే. 2020లో కరోనా లాక్‌డౌన్ వచ్చి అందరూ ఇళ్ళల్లో కూర్చున్నప్పుడు దూరదర్శన్ తన పాత ధారావాహికలను మళ్ళీ ప్రసారం చేసింది. మార్చి 28న రామాయణం తిరిగి మొదలయింది, ఏప్రిల్‌లో శక్తిమాన్ వచ్చింది. 2022లో శక్తిమాన్‌ను సినిమాగా తీస్తామని కూడా ప్రకటించారు. ఆ ధారావాహిక మొదటిసారి వచ్చిన రోజుల్లో, అతనిలా ఎగరబోయి పిల్లలు గాయపడ్డారని వార్తలు వచ్చాయి. ఆ వేషం కట్టిన ముఖేష్ ఖన్నా తానే తెరమీదికి వచ్చి, అలా చేయవద్దని పిల్లలకు చెప్పవలసి వచ్చింది. పాతది గనుక మంచిదే అని అనుకోవడానికి లేదన్నమాట. మన జ్ఞాపకంలో తీపి మాత్రమే నిలుస్తుంది. మళ్ళీ పిల్లల ముందు పెట్టేటప్పుడు చేదునూ చూసుకోవాలి.

బాగా తిరిగి వచ్చినవి లేవా అంటే, ఉన్నాయి. మీ ఇళ్ళల్లో పిల్లలు చూసే సూపర్ బుక్ సంగతే తీసుకోండి. బైబిలు కథల ఆ కార్టూనును సీబీఎన్ సంస్థ జపాను దేశపు తత్సునోకో సంస్థతో కలిసి తయారు చేయించింది. 1981లో అది జపానులో మొదలయింది. మళ్ళీ 2011 నుండి కంప్యూటరు బొమ్మలతో కొత్తగా తీశారు. బొమ్మల తీరు మారింది, నడక వేగమయింది. క్రిస్, జాయ్, గిజ్మో అనే మర మనిషి మాత్రం అలాగే ఉన్నారు, కాలంలో వెనక్కి వెళ్ళడమూ అలాగే ఉంది. తెలుగు మాటలతో కూడా వస్తోంది. ఏది మార్చాలో ఏది మార్చకూడదో తెలిసి చేసిన పని అది.

ఇంకా మంచి సాక్ష్యం మనకు దగ్గరలోనే ఉంది. పలాసలో రైలెక్కి విశాఖపట్నం దాటి దక్షిణానికి వెళ్తే యలమంచిలి వస్తుంది. దాని దగ్గర వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక. రావివలసలో మేము చూసిన లక్కపిడతలు అక్కడివే. మెత్తని అంకుడు కర్రను తరిణి మీద తిప్పుతూ లక్క కడ్డీ ఆనిస్తారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. తరువాత మొగలి ఆకుతో రుద్దితే ఆ నిగనిగ వస్తుంది. మన సముద్రపు ఒడ్డున పెరిగే మొగలి పొదలే అవి!

ఒకప్పుడు ఆ పని చల్లబడిపోయింది. ప్లాస్టిక్ బొమ్మలు చవుకగా వచ్చాయి. పనివారు సులువుగా దొరికే రసాయనపు రంగులు వాడడం మొదలుపెట్టారు. పసిబిడ్డ ఏ బొమ్మనైనా ముందు నోట్లోనే పెట్టుకుంటుంది గదా! ఆ ఊరివాడైన సి.వి. రాజుగారు ఇది గమనించి పసుపు, నీలి, జాఫ్రా గింజల వంటివాటినుండి రంగులు తీసే పాత విద్యను వెదకి పట్టుకుని, పనివారితో కలిసి మళ్ళీ నిలబెట్టారు. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023లో రాజుగారికి పద్మశ్రీ ఇచ్చారు. 2025 గణతంత్ర దినాన ఢిల్లీలో మన రాష్ట్రపు శకటం మీద ఊరేగినవి ఆ బొమ్మలే. ఇప్పుడు పిడతలతోపాటు ఈ కాలపు పిల్లలకు తగిన గిలకలూ లెక్కలు నేర్పే బొమ్మలూ చేస్తున్నారు. బొమ్మ కొత్తదయినా కర్ర అదే, లక్క అదే.

ఇంతవరకు పనివారు తమ వంతు చేశారు. మిగిలినది మన వంతు.

మళ్ళీ రావివలసకు వద్దాము. ఆ సాయంత్రం గాలివాన వచ్చి కరెంటు పోయింది. కాసేపటికి ఫోనులో చార్జింగూ అయిపోయింది. పాప ఏడుపు లంకించుకుంది. మామ్మ ఏమనుకున్నదో, బీరువా తలుపు తీసి లక్కపిడతలను కింద పెట్టి తానూ చాప మీద కూర్చుంది.

"రాయే గుంటా, అన్నం వండుదాం. పొయ్యి రాజెయ్యి. ఎసరు పెట్టు."

పాప ఏడుపు ఆపి వింతగా చూసింది. ఎసరంటే ఏమిటో ఆమెకు తెలియదు. మామ్మ చెప్పింది. నాలుగు బియ్యపు గింజలు కుండలో పడ్డాయి. ఉద్దానంలోని తన పుట్టింటి కబుర్లు మొదలుపెట్టింది మామ్మ. జీడి తోటలో పిక్కలు ఏరడం, ఆ పిక్కలతోనే పందెం ఆడడం, ఇసుకలో గూళ్ళు కట్టడం, కొబ్బరాకుతో బూరా, గడియారమూ చేసుకోవడం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన రోజున ఆ తోట నేలకు ఒరిగిందని చెబుతూ ఆమె కాస్త ఆగింది. "మల్లీ ఏసినాం. ఇప్పుడు మొక్కలు సిన్నవి గదా, ఆకు నీ సెయ్యికే అందుతాది. రేపు ఎల్దాం, బూరా సేసిస్తాను" అంది.

"మామ్మా, నీ కూరలో ఉప్పు లేదు" అంది పాప, ఖాళీ గరిటె నోటి దగ్గర పెట్టుకుని. మేమందరమూ నవ్వాము. ఆ హడావుడిలో కుండ మూత దొర్లి దాని పిడి ఊడిపోయింది. పాప భయపడి చూసింది. "ఇరిగితే ఇరిగింది. ఆడుకుంటే ఇరుగుతాది మరి" అంది మామ్మ.

రాత్రి కరెంటు వచ్చాక కొడుకు మళ్ళీ ఫోను చేశాడు. "ఆడుతోందా అమ్మా?" అనగానే మామ్మ జవాబు చెప్పలేదు. ఫోను చాప వైపు తిప్పింది. అతడు చాలాసేపు మాట లేకుండా చూస్తూ ఉండిపోయాడు. పాప బొంగరం ఎత్తి చూపించి, "నాన్నా, ఇది తిరగట్లేదు. నువ్వొచ్చి నేర్పించు" అంది. ఈసారి పండుగకు రెండు రోజులు ముందే వస్తానని అతడు తల్లితో చెప్పాడు.

ప్రియ తలిదండ్రులారా, తాతమ్మలారా, ఆ ఇంట్లో మేము నేర్చుకున్నది మీతో చెప్పుకుంటాము. బొమ్మను బీరువాలో దాచకండి, విరిగితే విరగనివ్వండి. మీ చిన్ననాటి కార్టూను మళ్ళీ వస్తే పిల్లలకు ఫోను ఇచ్చి వెళ్ళిపోకండి. మొదటి భాగమైనా పక్కన కూర్చుని చూడండి, మీ రోజుల్లో ఎలా చూసేవారో చెప్పండి, అందులో తగనిది ఉంటే అప్పుడే చెప్పండి. ఫ్యాక్టరీ బొమ్మ కొనేటప్పుడు ఐ.ఎస్.ఐ. గుర్తు ఉన్నదో లేదో చూడండి. 2021 జనవరి 1 నుండి ఆ గుర్తు తప్పనిసరి. నమోదయిన చేతిపనివారి బొమ్మలకూ, భౌగోళిక గుర్తింపు ఉన్నవాటికీ ఆ నిబంధన లేదు గనుక లక్కబొమ్మమీద ఆ గుర్తు లేకపోతే అనుమానపడకండి. రంగు దేనితో వేశారో మాత్రం అడిగి తెలుసుకోండి. మూడేళ్ళ లోపు బిడ్డకు మింగగలిగినంత చిన్న పిడత ఇవ్వకండి. కొనే స్తోమత లేనివారు చిన్నబుచ్చుకోనక్కరలేదు. కొబ్బరాకు బూరాకు ఖర్చు లేదు, దాన్ని చుట్టి చూపించే చేతులుంటే చాలు.

ఆదికాండములో ఇస్సాకు తన తండ్రి అబ్రాహాము దినాలలో తవ్విన బావులను మళ్ళీ తవ్వించిన సంగతి మీకు తెలుసు. ఫిలిష్తీయులు వాటిని మన్నుతో పూడ్చివేశారు. ఇస్సాకు వాటిని తవ్వించి, తండ్రి పెట్టిన పేర్లే పెట్టాడు. అయితే తండ్రి జ్ఞాపకంగా చూసుకుని మురిసిపోవడానికి కాదు, తన ఇంటివారికీ తన మందలకూ నీళ్ళు కావాలి గనుక తవ్వించాడు. మన చిన్ననాటి ఆటలు కూడా అటువంటి బావులే. తవ్వేవారు తవ్వారు. చేద పట్టుకుని పిల్లల పక్కన నిలబడవలసినవారము మనమే.

ఈ సెలవుల్లో మీ బీరువా తలుపు ఒకసారి తీసి చూడండి.