ఆడిటు కార్యాలయము గురుకులమా?

మన యిండ్లలో పిల్లల భవిష్యత్తును గూర్చి మాట వచ్చినప్పుడు డాక్టరు, ఇంజనీరు అను రెండు పేరుల సరసను సి.ఏ. అను పేరు చేరి చాల కాలమైనది. మేము పాఠములు చెప్పుకొని బ్రతుకు బాసరలో, జ్ఞానసరస్వతి సన్నిధిని బియ్యములో అక్షరము దిద్దిన బిడ్డలు కొందఱు నిజామాబాదు దాటి హైదరాబాదు చేరి, ఆడిటరుల కార్యాలయములలో శిక్షార్థులై కూర్చుండుచున్నారు. ఆ కోరిక తప్పని మేమనము. 1949వ సంవత్సరపు చట్టముచే రూపొందిన ఆ వృత్తి గౌరవమైనది; ఆస్తి లేని యింటి పిల్లవాడు పరీక్షల బలముచేతనే పైకి రాదగిన కొలది మార్గములలో అది యొకటి. మా వాదము వృత్తితో కాదు, ఆ కార్యాలయములు తమకు తామే తగిలించుకొన్న గురుకులమను పేరుతో.

శిక్షార్థి యిన్ని గంటలు పనిచేయనేల యని అడిగి చూడుడు. "ఇది ఉద్యోగము కాదు, విద్య" అందురు. భృతి యింత స్వల్పమేల యనిన, "శిష్యుడు దక్షిణ యియ్యవలెను గాని గురువు శిష్యునకు జీతమిచ్చునా?" అందురు. సంస్కృతము చదివిన పాపమునకు ఈ మాటకు బదులు చెప్పుట మా విధియైనది. శిష్యుడు గురువునింట సమిధలు తెచ్చెను, ఆవులను కాచెను, నిజమే. కాని శిష్యుని పనిగంటలను లెక్కకట్టి పరులకు బిల్లు వ్రాసి సొమ్ము తీసికొన్న గురువును మేమే గ్రంథమునను చూడలేదు. అంతకంటె ముఖ్యమైనది మఱియొకటి కలదు. తైత్తిరీయమున శీక్షావల్లిలో, విద్య ముగించి పోవు శిష్యునకు ఆచార్యుడు తమలోని మంచి నడవడిని మాత్రమే అనుసరింపుమనియు, తక్కినదానిని విడువుమనియు చెప్పును. గురువు తప్పును తప్పని గుర్తించు అధికారమును గురువే యిచ్చి పంపెను. మన ఆడిటు గురుకులములలో ఆ పాఠము జరుగుచున్నదా?

జరుగుట లేదనియే మా అభియోగము. ఇన్‌స్టిట్యూటు నిబంధనలలో శిక్షార్థికి వారమునకు 35 గంటలు సామాన్యమైన పనికాలము. పన్ను ఆడిటుల గడువు దగ్గఱపడిన సెప్టెంబరు దినములలో ఆ 35 గంటలు బుధవారమునకే ముగియుచున్నవని మా పూర్వవిద్యార్థులు నవ్వుచు చెప్పుదురు. మూడేండ్ల శిక్షణ 2023 జులై నుండి రెండేండ్లయినది. కాలము తగ్గినది గాని, నడుమ కార్యాలయము మారుటకైనను, తుదకు శిక్షణ పూర్తియైనదని చూపుటకైనను సంతకము చేయవలసినది ఆ గురువే. ఎవని సంతకముపై తన బ్రతుకు ఆధారపడియున్నదో వానితో "అయ్యా, ఈ పద్దు సరిగా లేదు" అని యిరువదియేండ్ల పిల్లవాడు ఎట్లు చెప్పును? మొదటి సంవత్సరమున నోరు మూసికొనుట నేర్చును. పరీక్ష నెగ్గి జీతగాడైన పిమ్మట అదియే వినయమనిపించుకొనును. మేనేజరు అగునప్పటికి దానికి సామర్థ్యమని పేరు వచ్చును. పార్ట్‌నరై తానే సంతకము చేయుదినమునకు కాదనుట యెట్లో మఱచిపోయి యుండును. కంపెనీ సొమ్మునే పుచ్చుకొని కంపెనీ మాటను నమ్మకుండుట కదా ఆడిటరు పని! కాదనలేనివాడు మంచి గుమాస్తా కావచ్చును గాని ఆడిటరు కాజాలడు.

ఇది మా ఊహ కాదు. 2009 జనవరి 7న హైదరాబాదులో సత్యం కంప్యూటర్సు అధ్యక్షుడు రామలింగరాజు, పుస్తకములలో చూపిన 5,361 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిలువలలో 5,040 కోట్లు లేనివేయని లేఖ వ్రాసి యొప్పుకొనెను. ఆ లెక్కలపై ఏండ్ల తరబడి ప్రైస్ వాటర్‌హౌస్ వారి సంతకములున్నవి. బ్యాంకు నిలువ నిజమో కాదో తెలిసికొనుటకు గొప్ప విద్య అక్కఱలేదు. బ్యాంకునకు నేరుగా ఉత్తరము వ్రాసి, జవాబును నేరుగా తెప్పించుకొనవలెను. ఆ యుత్తరములు పంపుటను, జవాబులు తెచ్చుటను కంపెనీ చేతికే విడిచిరనియు, వచ్చినదానిని బ్యాంకులతో సరిచూడరైరనియు అమెరికా దేశపు సెక్యూరిటీసు కమిషను 2011లో పేర్కొనెను. ఆ మాటను ఒప్పకయు కాదనకయు ఆడిటు సంస్థవారు 60 లక్షల డాలర్లు చెల్లించుకొనిరి. ఇట్టి ఉత్తరముల పని కార్యాలయములలో సాధారణముగా చిన్నవారిదే. "ఈ జవాబు బ్యాంకునుండియే వచ్చినదా?" యను చిన్న ప్రశ్న చదువుకొన్నవాని నోట రాకపోవుటకు తెలివితక్కువ కారణము కాదు; ప్రశ్నించు అలవాటును ముందే చంపివేయుట కారణము.

ఈ దోషమున మన యిండ్లకును భాగము కలదు. పిల్లవాడు రాత్రి పదకొండు గంటలకు ఫోను చేసి అలసితిననిన, "ఓర్చుకో నాయనా, రెండేండ్లే కదా" అందుము. 2024 జులైలో పుణె నగరమున ఒక పెద్ద లెక్కల సంస్థలో చేరి నాలుగు నెలలైన యువతి మరణించినది. పనిభారమే కారణమని తల్లి ఆ సంస్థ అధ్యక్షునకు ఉత్తరము వ్రాసెను, సంస్థవారు అంగీకరింపలేదు. ఆ వార్త చదివి నిట్టూర్చిన తలిదండ్రులే మఱునాడు తమ బిడ్డకు మరల ఓర్పు బోధించిరి.

రుసుములే స్వల్పమని నిజామాబాదు, కరీంనగరములలో ఒంటరిగా వృత్తి నడుపువారు చెప్పుమాటను మేము కొట్టివేయము. రుసుము తక్కువైన భృతి తగ్గును గాక. ప్రశ్న అడిగిన పిల్లవానిని కసరుటకు అది కారణమగునా? "మేమును ఇట్లే పడితిమి" అనువారి న్యాయము మన చదువరులకు క్రొత్తది కాదు. కోడలిగా పడిన పాట్లను అత్తయై కోడలిపై తీర్చుకొను న్యాయమది. దానిని వంటయింటినుండి వెడలగొట్టుటకు ఇంత పెనుగులాడిన మనము ఆడిటు కార్యాలయమున ఏల సహింపవలెను?

బృందములో అభిప్రాయభేదము కలిగినపుడు ఏమి చేయవలెనో ఆడిటు ప్రమాణములలో చెప్పబడియే యున్నది. కావున శిక్షార్థి సందేహమును వాని పేరుతోనే కాగితములలో వ్రాయనిండు. పెద్దలు దాని క్రింద తమ సమాధానము వ్రాయుదురు గాక. క్లయింటు బిల్లు కొఱకు గంటలు వ్రాయు శ్రద్ధతోనే శిక్షార్థి కొఱకును వ్రాయుడు. ఇక తలిదండ్రులు, కార్యాలయము నెన్నుకొనునప్పుడు పెద్ద క్లయింటులెవరని అడుగుటకు ముందు, "మీ కడ పనిచేసిన పిల్లలు ఎప్పుడైన మీ మాట కాదనిరా? అప్పుడు మీరేమి చేసితిరి?" అని అడుగవలెను.